గొంతు చెడకుండా డివినిల్స్ పాటలు

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్‌లో పాడతాను. ఆస్ట్రేలియా బ్యాండ్ డివినిల్స్ హిట్స్‌లో మూడు పాడాలని ఉంది. ఏవి, ఏ వరుసలో పాడాలి? రెండో పాటకే గొంతు బొంగురుపోతోంది.
– ఓ పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందు ‘సైన్స్ ఫిక్షన్’, తర్వాత ‘ప్లెజర్ అండ్ పెయిన్’ (1985), ఆఖర్న ‘బాయ్స్ ఇన్ టౌన్’ (1981) పాడండి. 1991లో ఆస్ట్రేలియాలో నంబర్ వన్ అయిన ‘ఐ టచ్ మైసెల్ఫ్’ అందరూ ఎరిగిందే. కానీ ఆ బ్యాండ్ గాయని క్రిస్సీ ఆంఫ్లెట్ గొంతులోని తెగువంతా ‘బాయ్స్ ఇన్ టౌన్’లోనే ఉందని మా అభిప్రాయం. అందుకే దాన్ని ముందే పాడి అలసిపోకండి.

బొంగురు ఎందుకంటే, డ్రమ్స్ మోతను దాటాలని మీరు గొంతు బిగించి అరుస్తున్నారు. అప్పుడు స్వరతంత్రులు ఒరుసుకుని వాస్తాయి. మీ గొంతు మీకే వినబడేలా మానిటర్ స్పీకర్‌ను ఎదురుగా పెట్టించుకోండి. మైకు పెదాలకు రెండు వేళ్ల దూరంలో ఉండాలి. మైకు జాలీని గుప్పిట్లో మూస్తే కీచుమంటుంది. పాడేముందు పది నిమిషాలు పెదాలు అదరగొడుతూ కింది స్వరం నుంచి పైకి, మళ్లీ కిందికి రండి.

అయినా పైస్వరాలు అందకపోతే గిటార్, బేస్ రెండింటి తీగలూ అర స్వరం దించండి. ఒక పూర్తి స్వరం దించితే తీగ వదులై ఫ్రెట్‌కు (మెడ మీది లోహపు మెట్టుకు) తగిలి గరగరమంటుంది, గిటార్‌కు 10 సెట్ తీసి కాస్త లావు తీగల 11 సెట్ వేయాలి. కీబోర్డుకైతే శ్రుతిని జరిపే ట్రాన్స్‌పోజ్ మీట చాలు, కానీ అది నొక్కడం మరిచిపోతే మొదటి కార్డ్‌కే (కలిపి మోగించే స్వరాలకే) అపశ్రుతి.

బొంగురు రెండు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఈలోగా గుసగుసలు కూడా వద్దు, వాటివల్లా గొంతుకు శ్రమే.