వాట్సాప్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారానికి క్రెడిట్ కార్డు పేమెంట్లు ఎలా పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: రాజమండ్రిలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు, పొడులు చేసి వాట్సాప్‌లో అమ్ముతున్నారు. నెలకు నలభై ఆర్డర్లు. కొందరు "కార్డు తీసుకుంటారా" అంటున్నారు. వెబ్‌సైట్ చేసే అబ్బాయి అరవై వేలు అడిగాడు. ఈలోగా కార్డు డబ్బు వసూలు చేసి మన ఖాతాకు పంపే ఒక పేమెంట్ గేట్‌వే కంపెనీకి అప్లై చేస్తే తిప్పి పంపారు.

ఆ అరవై వేలు మాత్రం ఇప్పుడే పెట్టకండి. మాది మంగళగిరి. నేనూ మా వదినా చేనేత చీరలు మీలాగే వాట్సాప్‌లో అమ్ముతాం. కార్డులు తీసుకోవడం మొదలుపెట్టిన రెండేళ్ళ వరకూ మాకు సైటే లేదు.

ముందు మీ కస్టమర్లు "కార్డు" అంటే ఏ కార్డో కనుక్కోండి. మా దగ్గర అడిగినవాళ్ళలో సగం మందికి కావలసింది ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో జతచేసుకున్న రూపే క్రెడిట్ కార్డుతో కట్టడం. అది మీ సొంత ఫోన్ నంబరుకు పని చేయదు. వ్యాపారం పేరు మీద తీసుకున్న మర్చంట్ క్యూఆర్‌కే పని చేస్తుంది. మర్చంట్ ఖాతా తీసుకుంటే ఆ గొడవ అక్కడితో తీరిపోతుంది. పైగా చిన్న వ్యాపారులకు రూపే క్రెడిట్ కార్డు మీద యూపీఐలో 2,000 రూపాయల దాకా ఎండీఆర్ (కార్డు చెల్లింపుకు వ్యాపారి దగ్గర కోసుకునే రుసుము) లేదు. కిలో ఆవకాయ, పావుకిలో కందిపొడి ఆ లోపే కదా.

వీసా, మాస్టర్‌కార్డు కావాలంటే గేట్‌వే తప్పదు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ, ఇన్‌స్టామోజో లాంటివి చాలానే ఉన్నాయి. ఎవరి దగ్గరికి వెళ్ళినా పేమెంట్ అగ్రిగేటర్‌గా (కస్టమర్ల డబ్బు తీసుకుని వ్యాపారికి చేర్చే సంస్థగా) రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉందో లేదో చూడండి. వాళ్ళ దగ్గర మీకు కావలసింది "పేమెంట్ లింక్" ఒక్కటే. ఎన్ని రూపాయలు కట్టాలో టైప్ చేస్తే లింకు వస్తుంది, దాన్ని వాట్సాప్‌లో పంపితే కస్టమర్ కార్డు వివరాలు, ఓటీపీ అక్కడే కొట్టి కట్టేస్తారు. కార్డు నంబరు మీ కంట పడదు, పడకూడదు కూడా. ఒక పెద్దావిడ ఫోన్లో పదహారు అంకెలూ గడగడా చదివేస్తుంటే మా వదిన "వద్దమ్మా, ఆగండి" అని ఆపాల్సి వచ్చింది. 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదని నిబంధనే ఉంది. పుస్తకంలో రాసి పెట్టుకోవడం అసలే వద్దు.

ఇక అప్లికేషన్ ఎందుకు తిరిగొచ్చి ఉంటుంది? మాకూ మొదటిసారి తిరిగొచ్చింది. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంది. గేట్‌వే వాళ్ళు ఖాతాలో ఒక రూపాయి వేసి పేరు సరిపోతుందో లేదో చూస్తారు. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇది. పాన్ కాపీ తీసుకెళ్ళి బ్యాంకులో పేరు మార్పించుకుంటే అయిపోయింది, కాకపోతే పది రోజులు తిప్పారు. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉంటే పని తేలిక. మీది తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కూడా అడుగుతారు. సైట్ లేకపోతే ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూపించినా చాలామంది ఒప్పుకుంటారు. అందులో మీ చిరునామా, ఫోన్ నంబరు, సరుకు ఎన్ని రోజుల్లో పంపుతారు, సీసా పగిలితే ఏం చేస్తారు అన్నవి స్పష్టంగా రాసి ఉండాలి.

జీఎస్టీ సంగతి ఆడిటర్ని తప్పకుండా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి ఇంతలోపు సరుకులు అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే 40 లక్షల పరిమితి రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకే. రాష్ట్రం దాటి పంపితే అమ్మకాలు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ కూడా ఇప్పుడు మనకు పక్క రాష్ట్రమేనని చాలామందికి గుర్తుండదు.

గేట్‌వే ఛార్జీలు మన దేశపు కార్డులకు సాధారణంగా రెండు శాతం, 2,000 దాటిన పేమెంట్లకు దాని మీద 18 శాతం జీఎస్టీ. మేము 2,400 రూపాయల చీర అమ్మితే 48 రూపాయలు, దాని మీద 8.64 జీఎస్టీ పోయి 2,343.36 చేతికొస్తుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, విదేశీ కార్డులకు ఇంకో శాతం దాకా ఎక్కువ. చీర తిప్పి పంపితే కస్టమర్‌కు 2,400 మొత్తం ఇవ్వాలి, గేట్‌వే మాత్రం తన ఛార్జీ సాధారణంగా వెనక్కివ్వదు. "కార్డు అయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అని మేము కొన్నాళ్ళు అడిగాం. అలా అడిగినప్పుడల్లా బేరం చెడింది. ఇప్పుడు ఆ ఖర్చు ధరలోనే కలిపేశాం.

నేను చేసిన పెద్ద పొరపాటు వేరే ఉంది. కార్డు కొట్టగానే గేట్‌వే డ్యాష్‌బోర్డులో (మన పేమెంట్లన్నీ కనబడే పేజీలో) "ఆథరైజ్డ్" అని వస్తే డబ్బు వచ్చేసిందనుకున్నాను. నిజానికి బ్యాంకు డబ్బు పక్కన పెట్టిందని మాత్రమే దాని అర్థం. మనం "క్యాప్చర్" చేస్తేనే అది మన వైపు కదులుతుంది, గడువులోగా చేయకపోతే తిరిగి కస్టమర్‌కే వెళ్ళిపోతుంది. దసరా హడావుడిలో నాలుగు చీరలు పంపేశాక చూసుకుంటే నాలుగింటి డబ్బూ వెనక్కి పోయింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీ డబ్బు మీకే వచ్చింది, మళ్ళీ కట్టండి" అని చెప్పుకోవాల్సి వచ్చింది. ముగ్గురు అదే రోజు కట్టారు. నాలుగో ఆవిడ మాత్రం ఇది కొత్త రకం మోసం అనుకుని నంబరు బ్లాక్ చేసింది! మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ క్యాప్చర్ మొదటి రోజే పెట్టేయండి. కస్టమర్ పంపే స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, డ్యాష్‌బోర్డులో "క్యాప్చర్డ్" అని కనబడాలి.

క్యాప్చర్ అయ్యాక కూడా బ్యాంకులో పడడానికి మామూలుగా రెండు పని దినాలు. శుక్రవారం అమ్మితే మంగళవారం. మా మగ్గాల వాళ్ళకు వారానికోసారి మజూరీ ఇవ్వాలి, వాళ్ళు సెటిల్‌మెంట్ (గేట్‌వే మన ఖాతాలో వేసే డబ్బు) వచ్చేదాకా ఆగరు కదా. మీకు నూనె, కారం అప్పు మీద ఇచ్చే కొట్టు ఉంటే పర్వాలేదు, లేకపోతే ఓ వారం ఖర్చుకు సరిపడా డబ్బు ఖాతాలో ఉంచుకునే మొదలుపెట్టండి. ఇంకోటి, సెటిల్‌మెంట్ ఏ ఆర్డరుకు ఆ ఆర్డరు రాదు, అన్నీ కలిపి ఛార్జీలు కోసుకుని ఒకే మొత్తంగా పడుతుంది. మా వదిన బిల్లుల పుస్తకానికీ పాస్‌బుక్కుకీ ఎన్నాళ్ళో పొంతన కుదరలేదు. ఇప్పుడు లింకు చేసేటప్పుడే వివరణలో బిల్లు నంబరు రాస్తాం, వారానికోసారి సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకుని టిక్కులు పెడతాం. లెక్కల్లో అమ్మకం 2,400 అనే చూపాలి, చేతికొచ్చిన 2,343 కాదు.

విదేశీ కార్డులు మొదట్లోనే తెరవకండి. అమెరికాలో ఉన్న ఒకమ్మాయి గుంటూరులో ఆడపడుచుకు చీర పంపమని కార్డుతో కట్టింది. చీర చేరింది, ఫోటో కూడా పంపారు. నెల తర్వాత ఛార్జ్‌బ్యాక్ వచ్చింది, అంటే కార్డుదారు తన బ్యాంకుకు "ఈ ఖర్చు నాది కాదు" అని ఫిర్యాదు చేయడం. కార్డు వాళ్ళాయనది. స్టేట్‌మెంటులో మా ఇన్‌స్టాగ్రామ్ పేరు కాకుండా రిజిస్టర్ అయిన పేరు వచ్చేసరికి ఎవరో కాజేశారనుకున్నాడట. విదేశీ కార్డులకు చాలాసార్లు ఓటీపీ అడగదు కాబట్టి ఆయన అనుమానం తప్పు కాదు. బిల్లు, కొరియర్ డెలివరీ రుజువు, వాట్సాప్ మాటలు గడువులోగా పంపితే డబ్బు నిలిచింది, కానీ తేలేదాకా ఒకటే టెన్షన్. అప్పటినుంచి ప్రతి లింకు కింద "మీ స్టేట్‌మెంటులో ఈ పేరు కనబడుతుంది" అని ఒక లైను రాస్తున్నాం.

ఖాతా తెరుచుకోగానే మీ బంధువుల్లో ఎవరికైనా పది రూపాయల లింకు పంపి కార్డుతో కట్టించండి. స్టేట్‌మెంటులో ఏ పేరు వచ్చిందో అడగండి, మీ బ్యాంకులో ఏ రోజు ఎంత పడిందో చూడండి. ఈలోగా తిప్పి పంపిన మెయిల్లో కారణం ఏం రాశారో ఇక్కడ పెడితే చూసి చెబుతాను. పాన్ నంబరు, ఖాతా నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.