క్లచ్ ప్లేటు రెండుసార్లు మార్చినా గేరు పడటం లేదు, గేర్‌బాక్సు మార్చాలా?

ప్రశ్న: 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కూరగాయల తోటలో, కొంత వరి మడిలో వాడుతున్నాను. ఏడాదిలో క్లచ్ ప్లేటు రెండుసార్లు మార్పించాను. అయినా గేరు వేస్తే గరగరమంటుంది, రివర్స్ అసలు పడదు. ఇంజిన్ ఆపి వేస్తే మాత్రం సులువుగా పడుతుంది. షాపులో చెప్పిన 90 నంబరు ఆయిల్ పోయించాక బ్రేకు కీచుమంటోంది, లిఫ్టు నెమ్మదిగా లేస్తోంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది. గేర్‌బాక్సు మొత్తం మార్చాలంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, చేవెళ్ల మండలం

జవాబు: గేర్‌బాక్సు ఇప్పుడే విప్పించకండి. గేర్‌బాక్సు పోయిందన్నది మీకు ఎవరో చెప్పిన మాట. మీరు రాసిన లక్షణాలు చూస్తే అలా లేదు. గేరు పళ్లో, గేర్లను జరిపే ఫోర్కులో పాడైతే సాధారణంగా ఇంజిన్ ఆపినా గేరు తేలిగ్గా పడదు. పెడల్ పూర్తిగా తొక్కినా మీ క్లచ్ విడవడం లేదు. లోపల షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గేరు గరగరమంటుంది.

ముందు పెడల్ ఫ్రీ ప్లే కొలవండి. చేత్తో నొక్కితే బరువు తగిలేవరకు పెడల్ చివర 20 నుంచి 30 మి.మీ. కదలాలి. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఎక్కువుంటే క్లచ్ విడవదు, తక్కువుంటే జారి ప్లేటు కాలిపోతుంది. సరిచేశాక ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి 5 సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగు పట్టేసిందేమో చూడాలి. ప్లేటు మార్చినప్పుడు ఆ చిన్న బేరింగు, రిలీజ్ బేరింగు, ఆయిల్ సీళ్లు మార్చారా? క్లచ్ ప్లేటును నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఫింగర్ల (చిన్న లివర్ల) ఎత్తు సమంగా కట్టారా? మెకానిక్‌ను అడగండి. ప్లేటు ఒక్కటే మార్చి బిగిస్తే ఇలాగే మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక ఆయిల్ సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆయిల్ మార్చాక బ్రేకు కీచుమంటోందంటే మీ ట్రాక్టరువి ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులై ఉంటాయి. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకు, బ్రేకులకు, లిఫ్టుకు ఒకే ఆయిల్. దానికి యూటీటీఓ రకం, అంటే వెట్ బ్రేక్ ఆయిల్ కావాలి. 90 నంబరు చిక్కటి గేర్ ఆయిల్. అది పోస్తే బ్రేకు డిస్కులు సరిగా పట్టవు, లిఫ్టును లేపే హైడ్రాలిక్ పంపు దాన్ని సులువుగా లాగలేదు. డబ్బా అమ్మేవాడికి మీ మోడల్ పేరైనా చెప్పారా? ఏ ఆయిల్ వేయాలో మాన్యువల్ చెప్పాలి, కౌంటర్ దగ్గర మనిషి కాదు. శబ్దం తగ్గుతుందని చిన్న సీసాలో ఏదో కలపమంటారు, అదీ వద్దు.

తెల్లబడిందంటే నీళ్లు కలిశాయి. దమ్ము చేసేటప్పుడు గానీ, బోరు పైపుతో కడిగేటప్పుడు గేర్ లివర్ రబ్బరు బూటు పక్క నుంచి గానీ నీళ్లు దిగుతాయి. బూటు చిరిగితే మార్చండి, బ్రీదర్ (గేర్‌బాక్సుకు గాలి ఆడే రంధ్రం) శుభ్రం చేయండి. ఓ అరగంట నడిపి వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ మొత్తం దింపండి. డీజిల్ పోసి కడగకండి, అడుగున మిగిలిపోతుంది. స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ) కడిగి, ఫిల్టరు కొత్తది వేసి, మాన్యువల్‌లో రాసినంత ఆయిల్ పోయండి. 10, 15 గంటలు నడిపాక మళ్లీ తెల్లబడితే ఇంకోసారి మార్చాల్సిందే. దండగ అనుకోకండి, బేరింగులు తుప్పు పడితే ఖర్చు ఇంకా పెద్దది. దమ్ము చేసిన మర్నాడు పొద్దున ఇంజిన్ వేయకముందే డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి చూడండి, నీళ్లుంటే ముందు అవే వస్తాయి.

ఆయిల్ దింపినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే. సూదుల్లాంటి ముక్కలు, పంటి పెచ్చులు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్సు విప్పాల్సిందే.

ఏడాదికి రెండు ప్లేట్లు పోవడానికి మీ వాడకం కూడా కారణం కావచ్చు. 24 హెచ్‌పీకి నాలుగు అడుగుల రోటావేటరు మించకూడదు. ఐదడుగులది అద్దెకు తెచ్చి లాగిస్తున్నారా? డ్రైవరు కాలు పెడల్ మీదే ఆనించి ఉంచుతున్నాడా? ఫోర్ వీల్ డ్రైవ్ అయితే తారు రోడ్డు మీద దాన్ని తప్పకుండా తీసేయాలి. ముందు టైర్లు వేరే సైజువి వేసి అమ్మినా, ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడల్లా ముందు ఇరుసు మీద, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. పాత ట్రాక్టర్లలో ఇది నేను తరచూ చూస్తుంటాను, నాలుగు టైర్ల మీద అంకెలు మాన్యువల్‌తో పోల్చండి.

ఈ పనులన్నీ వానాకాలం దుక్కులు మొదలవకముందే చేయించండి. ఫ్రీ ప్లే ప్రతి 50 గంటలకు కొలవండి. అయస్కాంతం మీద పెచ్చులు వచ్చినా, బేరింగు మార్చాక కూడా రివర్స్ పడకపోయినా, అయస్కాంతం ఫొటోలు, మోడల్ పేరు, మీటరు చూపించే గంటలు పంపండి.

– వ్యవసాయ యంత్ర పరికరాల శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్