స్లైడు కంటే ముందు చూపు: హిస్టాలజీ మాడ్యూళ్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కణజాలాలను మైక్రోస్కోపు కింద పరిశీలించే శాస్త్రం హిస్టాలజీ. ప్రాక్టికల్ తరగతికి ముందే చదువుకొని రావడానికి వీలుగా విద్యార్థులే తయారుచేసే ఆన్‌లైన్ హిస్టాలజీ మాడ్యూళ్ల గురించి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో అయిదింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము వైద్య విద్య రెండో సంవత్సరంలో ఉన్న అయిదుగురు విద్యార్థులం. మా తర్వాత చేరినవారి కోసం మాడ్యూళ్లు తయారుచేయమని మా అధ్యాపకులు చెప్పారు. శరీరపు ఉపరితలాలనూ లోపలి గొట్టాలనూ కప్పి ఉంచే ఉపకళా కణజాలం మీద మొదటిది రాసేసరికి నలభై పేజీలైంది. ఇక పాఠ్యపుస్తకానికీ దీనికీ తేడా ఏముందన్న సందేహం మాకే కలుగుతోంది. ఏమి ఉంచాలి, ఏమి తీసివేయాలి?

మీ సందేహం సరైనదే. పాఠ్యపుస్తకం ఉండనే ఉంది కనుక దానిని కుదించి మళ్లీ రాయవలసిన అవసరం లేదు. పుస్తకం రాసినవారి దగ్గర లేనిది మీ దగ్గర ఒకటుంది: ఏడాది క్రితం మీరు ఎక్కడెక్కడ పొరబడ్డారో మీకింకా గుర్తుంది. ఏళ్ల తరబడి స్లైడ్లు చూస్తున్న అధ్యాపకుడు వాయునాళపు లోపలి పొరను క్షణంలో గుర్తుపడతారు. అది తనకు అనేక పొరల ఉపకళలా కనిపించిన రోజు మాత్రం ఆయనకు జ్ఞాపకం రాదు. మీకు వస్తుంది. మాడ్యూలుకు ముడిసరుకు అదే.

అందువల్ల ఆ నలభై పేజీలను పక్కన పెట్టి, అయిదుగురూ కూర్చొని, ప్రాక్టికల్‌లో తప్పుగా గుర్తించిన ప్రతిదానినీ, ఏమనుకొని తప్పు చేశారో సహా, కాగితం మీద పెట్టండి. వాయునాళం అందులో తప్పక ఉంటుంది. అక్కడ కేంద్రకాలు వేర్వేరు ఎత్తుల్లో ఉండటం వల్ల నాలుగైదు వరుసల కణాలున్నట్టు భ్రమ కలుగుతుంది. నిజానికి ప్రతి కణమూ అడుగున ఉన్న ఆధార పొరను తాకుతూనే ఉంటుంది. ఒకే వరుస కణాలున్న ఉపకళ అయినా కోత ఏటవాలుగా పడితే అనేక పొరలుగా కనిపిస్తుందన్నది దీనికి తోడుగా చెప్పవలసిన విషయం. కొవ్వు కణాలు ఖాళీ గదుల్లా ఎందుకుంటాయన్నది ఇంకొకటి. కణజాలాన్ని మైనంలో పొదిగే ముందు ఆల్కహాలులోనూ జైలీన్‌లోనూ ఉంచుతారు; ఆ దశల్లో కొవ్వు కరిగిపోయి, అది ఉన్న చోటు మాత్రమే మిగులుతుంది. శ్లేష్మాన్ని స్రవించే గోబ్లెట్ కణాలు తెల్లగా కనిపించడానికి కారణం వేరు: వాటిలోని శ్లేష్మం, స్లైడ్లకు మామూలుగా వేసే హిమటాక్సిలిన్-ఈయోసిన్ రంగులను సరిగా పట్టుకోదు. అదే స్లైడుకు పాస్ అనే రంజకం వాడితే ఆ కణాలు ముదురు గులాబీ రంగులో బయటపడతాయి. ఈ రెండు ఖాళీలనూ పక్కపక్కన చూపి, ఏది ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే విద్యార్థి స్లైడు తయారీ పద్ధతిని కూడా అర్థం చేసుకుంటాడు. తయారీ దశలను వరుసగా జాబితా వేసి చెప్పినప్పుడు అంత శ్రద్ధగా చదివినవారిని నేను చూడలేదు.

ప్రశ్న ముందు, చిత్రం దానితో పాటు, వివరణ ఆ తర్వాత రావాలి. బాణం గుర్తు మొదటే పెట్టవద్దు. బాణం ఉన్న చోట కన్ను వెతకదు. విద్యార్థి చిత్రం మీద తానే ఒక చోట నొక్కి సమాధానం చెప్పాక, అప్పుడు బాణం చూపండి. హెచ్‌5పీ వంటి ఉచిత సాధనాలతో ఇది ప్రోగ్రామింగ్ తెలియకుండానే చేయవచ్చు.

నిడివి విషయంలో కఠినంగా ఉండండి. ప్రాక్టికల్‌లో విద్యార్థి ఒకేసారి ఫోకస్ సరిచేయాలి, స్లైడు జరపాలి, కొత్త పేర్లు గుర్తు తెచ్చుకోవాలి, ఏ అవయవమో ఊహించాలి. ఒకే సమయంలో మనసు మోయగలిగే భారానికి పరిమితి ఉందని, అది మించితే నేర్చుకోవడం కుంటుపడుతుందని మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పేర్లనూ, ముఖ్య లక్షణాలనూ ముందే పరిచయం చేసి ఆ భారంలో కొంత దించడమే మాడ్యూలు పని. ఇరవై నిమిషాల్లో పూర్తికానిది ప్రాక్టికల్ ముందురోజు రాత్రి ఎవరూ పూర్తిచేయరని నా నమ్మకం. వీడియోలు పెడితే మరీ చిన్నవిగా పెట్టండి: ఎడ్‌ఎక్స్ వేదిక మీది కోర్సుల వీడియోలపై 2014లో వెలువడిన పరిశీలనలో, వీడియో ఎంత పొడవైనదైనా విద్యార్థులు చూసిన మధ్యస్థ సమయం ఆరు నిమిషాలు దాటలేదు.

ప్రశ్న: నేను మొదటి సంవత్సరం విద్యార్థినిని. సీనియర్లు తయారుచేసిన మాడ్యూళ్లలో అన్నిటినీ సరిగా గుర్తుపడుతున్నాను. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక మాత్రం ఏదీ వాటిలా కనిపించడం లేదు. లోపం నాదా, మాడ్యూలుదా?

ఎక్కువ భాగం మాడ్యూలుదే అని చెప్పాలి. అందులోని చిత్రాన్ని ఎవరో ఎంచి పెట్టారు. రంగు చక్కగా పట్టిన స్లైడు తీసుకొని, ముడతలు లేని చోటు వెతికి, తగిన పవర్‌లో, అవయవం నిటారుగా ఉండేలా తిప్పి చూపించారు. మీ స్లైడులో ఆ పనులన్నీ మీరే చేయాలి. రంగు వెలిసి ఉండవచ్చు, అంచు చిరిగి ఉండవచ్చు, లోపలి ఖాళీ పక్కకు తిరిగి ఉండవచ్చు. చిత్రాన్ని గుర్తుపట్టడం ఒక నైపుణ్యం, ఆ చిత్రం దొరికే చోటును స్లైడులో వెతకడం ఇంకొక నైపుణ్యం. మీకు మొదటిది వచ్చింది.

రెండోదానికి స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టకముందే మొదలుపెట్టండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని మామూలు కంటితో చూడండి: మధ్యలో ఖాళీ ఉన్నదా, ఒక అంచు మాత్రమే ఊదాగా ఉన్నదా, ముక్క అంతా ఒకే తీరుగా ఉన్నదా? సగం అవయవాలు అక్కడే వడపోతకు వస్తాయి. 1802లో ముప్ఫై ఏళ్లకే మరణించిన ఫ్రెంచి వైద్యుడు బిషా, మైక్రోస్కోపు వాడకుండానే శరీరంలో 21 రకాల కణజాలాలను వేరుచేసి వర్ణించాడు. కంటి చూపు విలువ ఎంతటిదో ఆయన పని చెబుతుంది. తర్వాత 4 రెట్ల లెన్సుతో మొత్తం ఆకారం చూసి, 10 రెట్ల లెన్సుతో పొరలు లెక్కపెట్టి, చివరికి మాత్రమే 40 రెట్ల లెన్సుకు వెళ్లండి. నేరుగా హై పవర్‌కు వెళ్లేవారు ఊరు చూడకుండా ఇంటి తలుపు వెతికినట్టు తిరుగుతుంటారు.

పరిమాణం తెలియక తికమక పడితే ఎర్ర రక్తకణాన్ని వెతకండి. అది స్లైడులో సుమారు 7 మైక్రోమీటర్ల అడ్డుకొలతతో, దాదాపు ప్రతి అవయవంలోనూ దొరికే కొలబద్ద. దాని పక్కన పెట్టి చూస్తే ఏ కణమైనా పెద్దదో చిన్నదో తెలిసిపోతుంది. ఒక స్లైడులో పదుల కొద్దీ గుండ్రటి గొట్టాలు కనిపిస్తే అన్నీ వేర్వేరు గొట్టాలనుకోవద్దు. వృషణానికి ఆనుకొని ఉండే ఎపిడిడిమిస్‌లో ఉన్నది దాదాపు 6 మీటర్ల పొడవైన ఒకే నాళం. అది చుట్టలు చుట్టుకొని ఉన్నందువల్ల ఒక కోతలో అన్నిసార్లు తెగుతుంది.

మీ సీనియర్లకు మీ తరఫున ఒక మాట. ఒక్కో అవయవానికి ఒకే అందమైన చిత్రం కాకుండా, వేర్వేరు స్లైడ్ల నుంచి మూడు నాలుగు చిత్రాలు ఇవ్వాలి. వాటిలో ఒకటి బాగా లేనిది కావాలి. కాలేయమే ఇందుకు మంచి ఉదాహరణ. కాలేయం లంబికలనే చిన్న చిన్న భాగాలుగా ఉంటుంది. పంది కాలేయంలో ప్రతి లంబిక చుట్టూ సంయోజక కణజాలపు గోడ ఉండి షట్కోణాలు స్పష్టంగా కనిపిస్తాయి కనుక పుస్తకాల్లో ఆ చిత్రాన్నే ఎక్కువగా వేస్తారు. మానవ కాలేయంలో ఆ గోడలు సరిగా ఉండవు. పంది స్లైడుతో నేర్చుకొని మానవ స్లైడులో షట్కోణాల కోసం వెతికే విద్యార్థి అది కాలేయమే కాదనుకుంటాడు. లంబిక నడుమ ఉండే కేంద్ర సిరనూ, దాని మూలల్లో సిర, ధమని, పిత్తనాళం కలిసి ఉండే పోర్టల్ త్రయాన్నీ పట్టుకొని, వాటి మధ్య లంబికను ఊహించుకోవడం నేర్పాలి.

వీలైతే విడి ఫొటోల బదులు స్లైడు మొత్తాన్ని స్కాన్ చేసిన చిత్రాలను వాడాలి. 40 రెట్ల స్థాయి స్కాన్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.25 మైక్రోమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు వెడల్పున్న ముక్క అడ్డంగా 40,000 పిక్సెళ్లవుతుంది. అందులో తిరగడం, దగ్గరికి వెళ్లడం, దారి తప్పడం అన్నీ సాధ్యమే కనుక వెతకడం అలవాటవుతుంది. అప్పటికీ మైక్రోస్కోపుకు అది ప్రత్యామ్నాయం కాదు. ఫోకస్ స్క్రూను తిప్పుతూ లోతు తెలుసుకోవడం సాధారణ స్కాన్‌లో ఉండదు. ఎక్కువగా ఒకే తలాన్ని అందులో పట్టి ఉంచుతారు.

మరొకటి, బొమ్మ గీయడం మానవద్దు. 1906లో గాల్జీతో కలిసి నోబెల్ బహుమతి పొందిన స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ నాడీకణాలను చేత్తో గీస్తూ అర్థం చేసుకున్నాడు. గీసేటప్పుడు ఏ గీత ఎక్కడ ఆగుతుందో నిర్ణయించుకోక తప్పదు, ఆ నిర్ణయంలోనే చూడనిది ఏదో తెలుస్తుంది.

ప్రశ్న: నేను అధ్యాపకురాలిని. విద్యార్థులు రాసిన మాడ్యూళ్లలో తప్పులు దొర్లితే అవి వందలమందికి చేరతాయన్న భయం ఉంది. ఎంతవరకు దిద్దాలి?

మీ భయం న్యాయమైనదే. మీరు చూడనిదే ఏ మాడ్యూలూ విద్యార్థులకు చేరకూడదు. అయితే వాస్తవాలను దిద్దండి, వారి మాటను దిద్దవద్దు. "మొదట నాకూ ఇది అన్నవాహిక అనిపించింది" అన్న వాక్యాన్ని కొట్టివేసి నిర్వచనం రాస్తే, ఆ మాడ్యూలు ఎందుకు పనికివస్తుందో అదే పోతుంది.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల ఉంటాయి. బాణం పక్క కణం మీద పడుతుంది. "ఎప్పుడూ", "ఎక్కడా" అన్న మాటలు హద్దు లేకుండా వస్తాయి. చిత్రం కింద "400 రెట్లు" అని రాస్తారు. అదే చిత్రం ఫోనులో ఒక పరిమాణంలో, పెద్ద తెర మీద ఇంకొక పరిమాణంలో కనిపిస్తుంది గనుక ఆ అంకెకు అర్థం ఉండదు. ప్రతి చిత్రం మీదా మైక్రోమీటర్ల కొలగీత ఉండాలని నియమం పెట్టండి. చిత్రంతో పాటు అదీ పెరుగుతుంది, తగ్గుతుంది. రంగు ఒక్కదాని ఆధారంగా సమాధానం చెప్పమనే ప్రశ్నలను కూడా ఆపండి, ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చ ఛాయలను వేరుచేయలేని విద్యార్థులకు గులాబీ, ఊదా రంగులు కూడా కలిసిపోవచ్చు. ఆకారం, అమరిక, స్థానం ప్రశ్నలోకి రావాలి.

దిద్దే శ్రమకు ప్రతిఫలం కూడా ఉంది. మాడ్యూలులోని ప్రశ్నలకు విద్యార్థులు ఇచ్చిన సమాధానాలను ప్రాక్టికల్ ఉదయం ఒకసారి చూడండి. లింఫ్ నోడ్‌నూ ప్లీహాన్నీ ఎక్కువమంది కలగలిపితే, ఆ రోజు తరగతిని అక్కడినుంచే మొదలుపెట్టి, ఒకదానినొకటి పోలిన నాలుగు అవయవాల గుర్తులను చూపవచ్చు: లింఫ్ నోడ్‌లో తొడుగు కింద ఉండే సైనస్ అనే ఖాళీ, ప్లీహపు తెల్ల గుజ్జులో పక్కకు జరిగి ఉండే చిన్న ధమని, థైమస్‌లో కణాలు పొరలుగా చుట్టుకొని ఏర్పడే హాసల్ కణికలు, టాన్సిల్ మీద పొలుసుల ఉపకళ. ఈ నాలుగింటినీ విడివిడి మాడ్యూళ్లలో పెట్టడం నాకు పెద్ద పొరపాటుగా కనిపిస్తుంది. పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: అట్లాసు పుస్తకాల్లోని చిత్రాలను ఫొటో తీసి మాడ్యూలులో పెట్టవచ్చా?

అనుమతి లేకుండా పెట్టవద్దు. మీ విభాగపు స్లైడ్లను అధ్యాపకుల అనుమతితో మీరే ఫొటో తీయండి, లేదా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్నవాటిని, లైసెన్సు షరతులు చదివి, సృష్టికర్త పేరు చెప్పి వాడండి. షరతుల్లో మార్పులు నిషేధించి ఉంటే బాణాలు గీసిన చిత్రాన్ని ప్రచురించడం కూడా కుదరదు. రోగుల నుంచి వచ్చిన స్లైడ్లయితే లేబుల్ మీది పేరు, సంఖ్య కనిపించకూడదు. స్కాన్ ఫైళ్లలో లేబుల్ చిత్రం విడిగా దాగి ఉండవచ్చు, దానినీ తొలగించాలి.

ప్రశ్న: ఒక్కో మాడ్యూలుకు చాలా గంటలు పడుతున్నాయి. చదివేవారికి మేలే కావచ్చు, తయారుచేసే మాకేమి లాభం?

చదివేవారికి కలిగే మేలు ముందు చెబుతాను. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివినదాన్ని గుర్తుతెచ్చుకొని రాసినవారే ఎక్కువ నిలుపుకున్నారు. అందుకే మాడ్యూలులో ప్రశ్నలు అంత అవసరం.

మీ లాభం ఆ ప్రశ్నలు తయారుచేయడంలో ఉంది. సరైన సమాధానం రాయడానికి ఒక అవయవం తెలిస్తే చాలు; నమ్మదగిన తప్పు సమాధానాలు మూడు రాయడానికి దానిలా కనిపించే మూడు అవయవాలు తెలియాలి. థైరాయిడ్ ప్రశ్నలో తప్పు సమాధానంగా పాలిచ్చే దశలోని స్తన గ్రంథిని పెట్టాలని తట్టినవారు ఆ రెండింటినీ ఇక తారుమారు చేయరు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పీర్‌వైజ్ అనే వేదికలో విద్యార్థులే ప్రశ్నలు రాసి, ఒకరివి ఒకరు పరిష్కరించి, విమర్శిస్తారు. మీరు మీ బృందంలో అదే చేయవచ్చు.

ఈ లాభం అందరికీ సమానంగా అందదు. బృందంలో ఒకరు ఎప్పుడూ ఫొటోలకే, ఒకరు ఎప్పుడూ కంప్యూటరు పనికే పరిమితమైతే వారికి హిస్టాలజీ పెద్దగా రాదు. ప్రతి మాడ్యూలుకూ పనులు మార్చుకోండి, ప్రశ్నలు మాత్రం అందరూ రాయండి. గంటలు తగ్గాలంటే మొదటిసారి ఒకే స్లైడు తీసుకొని, ఎనిమిది ప్రశ్నలతో ముగించి, ఆ స్లైడును ఎప్పుడూ చూడని ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టి చేయించండి. అతడు ఆగిన చోట మీరు నోరు తెరిచి వివరించవలసి వస్తే, ఆ వివరణను అదే మాటల్లో మాడ్యూలులో చేర్చండి.