కొత్తగా చేరిన మా పీఈటీ అమ్మాయికి

అమ్మా,

నీకు విశాఖలోనే పోస్టింగ్ వచ్చిందని తెలిసి ఆ రోజంతా ఇంట్లో అదే చెప్పుకున్నాం. ఖోఖో టీమ్ తయారుచెయ్యాలి, దాంతోపాటు పిల్లలకి మంచి బుద్ధులు కూడా అలవాటు చెయ్యాలని మీ హెడ్‌మాస్టరుగారు అన్నారట. ఎలా మొదలుపెట్టమంటారు మాస్టారూ అని అడిగావు. ముప్పయ్యేళ్ళు మెడలో ఈల వేసుకు తిరిగినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ప్రేయర్‌లో క్రీడాస్ఫూర్తి మీద ఉపన్యాసాలు మానెయ్యి. ఎండలో నిలబడ్డ పిల్లలకి ఒక్క ముక్క ఎక్కదు. దాని బదులు సున్నం సంచి వాళ్ళ చేతికివ్వు. పొద్దున్నే తాడు లాగి, టేపుతో కొలిచి గీతలు వాళ్ళే వెయ్యాలి. వారానికో బ్యాచ్. తన చేత్తో గీత వేసిన పిల్ల ఆ గీత దగ్గర పేచీ పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

ఖోఖో నీ పని సగం చేసిపెడుతుంది. పన్నెండుమంది టీమ్‌లో బరిలోకి దిగేది తొమ్మిదిమంది. తరిమేటప్పుడు వాళ్ళలో ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చోవాలి. వెనకనుంచి ఎవరైనా వీపు తట్టి "ఖో" అనేదాకా లేవకూడదు, లేస్తే ఫౌల్. తరిమే పిల్ల వెనక్కి తిరగడానికి లేదు, మధ్య గీత దాటడానికీ లేదు. అవతలివైపుకి దూరిన డిఫెండర్‌ని పట్టుకోవాలంటే చివరనున్న పోల్ చుట్టూ తిరిగి వెళ్ళాలి, లేదంటే అటు తిరిగి కూర్చున్నవాళ్ళకి ఖో ఇవ్వాలి.

నా దగ్గర ఒక పిల్ల ఉండేది. కాళ్ళలో మెరుపు. కానీ ఎవరికీ ఖో ఇచ్చేది కాదు, అన్నీ తనే పట్టెయ్యాలి. ఒక వారంపాటు ప్రాక్టీసులో దాన్ని తరమనివ్వకుండా చివరి గడిలో కూర్చోబెట్టాను. వేళ్ళు మట్టికి ఆనించి, మడమలు పైకెత్తి, వీపు బిగబట్టి చూసేది ఎవరైనా ఖో ఇస్తారేమోనని. నాలుగో రోజు వచ్చి, "మాస్టారూ, ఇవాళ నాకు ఒక్కటంటే ఒక్కటే వచ్చింది" అంది, కళ్ళనిండా నీళ్ళు. నేనేమీ అనలేదు. మర్నాటినుంచి అది ఖో ఇస్తే అరచెయ్యి మొత్తం వీపు మీద పడేది, గొంతు గేటు దాకా వినపడేది.

ఇంకొకటి చెప్పాలి. ఇది నా తప్పు. నేను పనిచేసిన ఒక స్కూల్లో అండర్-14 పోటీలకి ఒక కుర్రాడి వయసు కొన్ని నెలలు ఎక్కువైంది. పుట్టినతేదీ మార్చిన కాగితం నా ముందు పెట్టారు. ఉద్యోగం కొత్త, భయపడి సంతకం పెట్టాను. కప్పు వచ్చింది. మరుసటేడు వాడే పరీక్షలో చీటీలతో దొరికాడు. నేను కేకలేయబోతే వాడు తల వంచుకోలేదు, నన్నే చూస్తూ నిలబడ్డాడు. నా నోట మాట రాలేదు. వాడి స్థానంలో ఆడాల్సిన పదమూడేళ్ళ పిల్లాడెవరో గ్యాలరీలో కూర్చున్న సంగతి కూడా అప్పుడే తట్టింది. నీ దగ్గరికీ అలాంటి కాగితం వస్తుంది. టెన్షన్‌గానే ఉంటుంది. అయినా పెట్టకు తల్లీ.

కొన్ని నెలల తేడాయే కదా అని ఎవరైనా అంటే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి చెప్పు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అయినా అది రికార్డు కాలేదు, ఎందుకంటే వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లుంది. 2.0 దాటకూడదు. మర్నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి రికార్డు తన పేర రాయించుకుంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కీ వెళ్ళింది. ఈ అంకెలు బోర్డు మీద రాసి, 13.09 ఎందుకు పోయింది, దానికంటే నెమ్మదైన 13.23 ఎందుకు నిలిచింది అని పిల్లల్నే అడుగు. వాళ్ళనే మాట్లాడనీ.

అల్లరి చేశారని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించకు. పరుగే శిక్షయితే రేపు ట్రాక్ మీదికి ఎవడొస్తాడు? ఇసుకలో పరుగులకి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టు, ఎంత బతిమాలినా ఒక్కర్నీ నీళ్ళలోకి దిగనివ్వకు. గేమ్స్ పీరియడ్ తమకిమ్మని లెక్కల టీచర్ అడుగుతారు, మర్యాదగా కుదరదని చెప్పు. బెంచీ మీదున్న ముగ్గురినీ ప్రతి ప్రాక్టీసులోనూ ఆడించు. మ్యాచ్‌కి ఎందుకు తీసుకోలేదో వాళ్ళకి విడిగా, మొహం చూసి చెప్పు.

వచ్చే లక్ష్మీవారం సాయంత్రం మీ గ్రౌండ్‌కి వస్తాను. నా పాత టేపు, తాడు, మేకులు నీకే ఇచ్చేస్తాను. పోల్స్ రెండూ కదలకుండా గట్టిగా పాతించి ఉంచు. క్రితంసారి ఫొటోలో ఒకటి కాస్త వాలినట్టు కనిపించింది.

మీ డ్రిల్లు మాస్టారు