కోటాసారస్ బొమ్మ చేస్తున్న మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీవు పంపిన కోటాసారస్ డైనోసార్ బొమ్మ ఫోటో చూశాను. మెడ వంపులో జీవం ఉంది, దానిని మార్చవద్దు. కాళ్ళు మాత్రం తొండ కాళ్ళలా పక్కలకు చాచుకున్నాయి, తోక నేలను రాస్తోంది. ఈ రెంటినీ నీ శైలి అని నేను ఒప్పుకోలేను. నా మొదటి బొమ్మకూ ఆసరాగా ఉంటుందని తోకను నేలకు ఆనించాను. ఇటువంటి జంతువుల అడుగుజాడల వెంట తోక ఈడ్చిన చారలు చాలా అరుదని తెలిశాక, ఆ బొమ్మను నీళ్ళలో నానబెట్టి మళ్ళీ మట్టి ముద్ద చేశాను.

ముందు ఎముకలు చూడు. మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో ఆ ఊరి పేరే శాస్త్రీయ నామంలో చేరిన ఆ జంతువు అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పక్కనుంచి నిలబడి, కాళ్ళు స్తంభాల్లా ఒంటి కిందకే ఎలా దిగాయో గీసుకో. పొడవు సుమారు 9 మీటర్లు అనుకుంటే, నలభయ్యో వంతు బొమ్మ ఇరవై రెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. బొమ్మ లోపల ఆసరాగా ఉండే తీగను ఆ కొలతకే వంచి, కీళ్ళ చోట్లు గుర్తుపెట్టుకున్న తరువాతే పుట్టీ ముట్టుకో.

తల సంగతి వేరు. కోటాసారస్ పుర్రె దొరకలేదు, రెండు పళ్ళు మాత్రమే దొరికాయి. నీ ఊహకు అసలైన చోటు ఇదే, అయినా చెంచా ఆకారపు ఆ పళ్ళు ఇమిడే దవడ కావాలి కనుక, చైనాలో పుర్రెతో సహా దొరికిన షునోసారస్ అనే డైనోసార్ బొమ్మను దగ్గర పెట్టుకుని చెయ్యి. రంగు, చూపు, అడుగు వేసే తీరు నీ ఇష్టం.

రామప్ప గుడి మదనికలను చూసినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది: శిల్పి ఒంటిని ఎంత సాగదీసినా, మోకాలు మడిచే చోట మాత్రం ఎక్కడా తడబడలేదు.

ఇంకొకటి, పొలుసులు. రెండు సెంటీమీటర్ల పొలుసు నీ బొమ్మ మీద అర మిల్లీమీటరు అవుతుంది. నీవు చెక్కినవి పెసరగింజలంత ఉన్నందువల్లే అంత పెద్ద జంతువు తోటలో తొండలా కనిపిస్తోంది. వాటిని నునుపు చేసి, మెడ, భుజం మడతల్లో మాత్రం సూదితో గీతలు పెట్టు.

తల మీద పుట్టీ గట్టిపడక ముందే పక్కనుంచీ ఎదురుగానూ రెండు ఫోటోలు తీసి పంపించు.

మీ మామయ్య