కనుమలు, ఘాట్ రోడ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొండెక్కి మళ్ళీ దిగడానికి ఇన్ని మలుపులెందుకండీ? కింద నుంచి సొరంగం తవ్వేస్తే గొడవ వదిలిపోదా?

జవాబు: తవ్వుతూనే ఉన్నారండీ. హిమాచల్ ప్రదేశ్‌లో రోహ్‌తాంగ్ కనుమ కింద 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌ని 2020 అక్టోబరులో తెరిచారు. దాంతో మనాలి-లేహ్ దారి 46 కిలోమీటర్లు తగ్గిందని అందరూ చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే అది చిన్న విషయం. చలికాలం వస్తే మంచుతో నెలల తరబడి దారి తెగిపోయే లాహౌల్ లోయకి ఇప్పుడు రాకపోకలున్నాయి, అదీ అసలు సంగతి. అలాగని లేహ్ దాకా నిశ్చింతగా వెళ్ళిపోవచ్చనుకోకండి. అదే దారిలో ముందు బారాలాచా లా ఉంది (అక్కడి భాషలో ‘లా’ అంటే కనుమే), రోహ్‌తాంగ్ కంటే ఎత్తు, చలికాలంలో మూతపడుతుంది. ఒక కనుమ కింద సొరంగం వేసినంత మాత్రాన దాని వెనకున్న కనుమ ఎక్కడికీ పోదు కదా.

ఇక మలుపులు. కనుమ అంటే శిఖరం కాదు, కొండల వరసలో దాటడానికి దొరికే కాస్త తగ్గు చోటు. అయినా అక్కడి దాకా ఎక్కాలిగా! లోడు లారీ కూడా ఎక్కాలంటే రోడ్డు మరీ నిటారుగా ఉండకూడదు. 100 మీటర్లకి 6 మీటర్ల ఎత్తు పెరిగే రోడ్డు అనుకుంటే, 1000 మీటర్లు పైకెళ్ళడానికి దాదాపు 17 కిలోమీటర్లు పడుతుంది, అంత పొడవునీ ఒక్క కొండ వాలు మీదే సర్దాలి, అందుకే వెనక్కి తిరిగినట్టుండే ఆ హెయిర్‌పిన్ మలుపులు. ఇటలీలో స్టెల్వియో కనుమకి ఒక్క వైపే 48 ఉన్నాయి. కార్లు పుట్టకముందే, 1820ల్లో వేసిన రోడ్డు అది.

ప్రశ్న: ఎక్కేటప్పుడు కారు లాగలేకపోయింది, దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన. ఒకటే టెన్షన్. రెండూ ఒకే రోగమా?

జవాబు: కాదు. ఎత్తుకెళ్ళేకొద్దీ గాలి పలచబడి ఇంజన్‌కి ఆక్సిజన్ చాలదు, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న బండి కొంత నయం. అందులో మీ తప్పేం లేదు.

రెండోది మాత్రం నడిపే తీరులోదే. కిలోమీటర్ల కొద్దీ బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, ఇంకా వేడెక్కితే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామనే తెలివి అస్సలు వద్దు. వాసన వస్తే బండి పక్కకి ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పోయకండి.

ప్రశ్న: లడఖ్‌లోని ఖార్దుంగ్ లా ఎత్తు 18,380 అడుగులని బోర్డు ఫొటోల్లో చూశాను. నిజమేనా?

జవాబు: కాదు. జీపీఎస్ కొలతల్లో 5,359 మీటర్లే వచ్చింది, అంటే 17,600 అడుగుల లోపే. లడఖ్‌లోనే ఉమ్లింగ్ లా మీది రోడ్డు 19,024 అడుగుల ఎత్తున ఉంది. అయినా ఆ బోర్డు దగ్గర ఫొటో ఎలాగూ దిగుతారనుకోండి! అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే, కాబట్టి తలనొప్పి, వికారం మొదలైతే ఫొటోలు ఆపేసి వెంటనే కిందికి దిగిపోండి.