చిల్లర డబ్బాలు బ్యాంకుకు మోసే ముందు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. టిఫిను హోటల్లో రెండు నూనె డబ్బాల నిండా చిల్లర పేరుకుపోయిందట. బ్యాంకుకు మోసుకెళ్తే లెక్కపెట్టడానికి మనుషులు లేరని తిప్పి పంపారట. దాంతో నాణేలు లెక్కించే మిషను కొనడానికి బేరమాడుతున్నావట. ముప్పై ఒక్క ఏళ్లు క్యాషు కౌంటరు వెనక కూర్చుని చేతివేళ్లు నల్లబడిన పెద్దమ్మ ఒకతె ఉందని గుర్తురాలేదా? సరే, ఇంకా డబ్బు కట్టలేదు కనుక ఇది చదువు.

మా శాఖకూ ఒకసారి అలాంటి మిషను వచ్చింది. పైన గిన్నెలో నాణేలు పోస్తే అడుగున పళ్లెం గిరగిరా తిరిగి, ఒక్కొక్కదాన్నీ సన్నని దారిలోకి నెడుతుంది. అక్కడ లెక్క పడుతుంది. మొదటి రోజు మేనేజరుతో సహా అందరం చుట్టూ చేరి తిరునాళ్లలో రంగులరాట్నం చూసినట్టు చూశాం. మూడో రోజు గుడి హుండీ సంచి వచ్చింది. నూనె, కుంకుమ పట్టి జంటలుగా అతుక్కుపోయిన నాణేలు, వాటి మధ్య ఒక పసుపు కొమ్ము, రెండు చొక్కా గుండీలు. మిషను కీచుమని అరిచి ఆగిపోయింది. బాగుచేసేవాడు రెండుసార్లు వచ్చి వెళ్లాక దానికి ముసుగు వేసి మూలన పెట్టాం. నేను రిటైరయ్యే వరకూ నా టిఫిను డబ్బా దాని మీదే ఉండేది.

మురికి తుడుచుకోవచ్చు అంటావు. అసలు చిక్కు అది కాదు. చవకరకం మిషను నాణేన్ని వెడల్పును బట్టి గుర్తుపడుతుంది. మన నాణేలు ఎన్నిసార్లు రూపం మార్చుకున్నాయో నీ డబ్బాలోకి చెయ్యి పెడితే తెలుస్తుంది. పాత స్టీలు రూపాయి వెడల్పు 25 మిల్లీమీటర్లు. 2011 వరుసలో, అంటే ఆ ఏడు రూపం మార్చి తెచ్చిన నాణేల్లో, వచ్చిన రెండు రూపాయల బిళ్ల కూడా 25. ఆ రెండూ తూకంలో కూడా ఒకటే, 4.85 గ్రాములు. పోనీ అంతటితో ఆగిందా? 2019 వరుసలోని ఐదు రూపాయల బిళ్ల వెడల్పు కూడా 25 మిల్లీమీటర్లే! పది రూపాయలది, ఇరవై రూపాయలది రెండూ 27. ఇరవైకి పన్నెండు పలకలు ఉంటాయి కాబట్టి మన వేలికి తెలుస్తుంది, మిషనుకు తెలియాలని లేదు. అన్నీ కలిపి పోస్తే అది ఏ అంకె చూపిస్తే దాన్ని నమ్మాలి? విడదీసి పోయాలి. విడదీయడం ఎలాగూ నీ చేతి పనే అయినప్పుడు మిషను మిగిల్చేది ఏముంది? గుడికో, బస్సు డిపోకో అయితే వేరే సంగతి. నీ రెండు డబ్బాలకు వద్దు.

ఇప్పుడు పని చెబుతాను. మధ్యాహ్నం హోటలు కట్టేశాక నేల మీద పాత దుప్పటి పరిచి ఒక డబ్బా బోర్లించు. ముందు పది, ఇరవై ఏరేయి. అవి సులువు, డబ్బు బరువంతా వాటిలోనే ఉంటుంది. తర్వాత ఐదులు. ఒకట్లు, రెండ్ల దగ్గరే నిదానంగా ఉండాలి. బొమ్మ చూడకు, అంకె చూడు. పదేసి బిళ్లలు దొంతి పెట్టి, పది దొంతులు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టు. సంచికి వంద బిళ్లలు, అన్నీ ఒకే విలువవి. ఈ వంద నా సొంత లెక్క కాదు. నాణేలను వందేసి సంచుల్లో తీసుకుంటే క్యాషియరుకూ ఖాతాదారుకూ సులువని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు రాసింది. తూకం వేసి కూడా తీసుకోమంది, ముఖ్యంగా ఒకటి, రెండు రూపాయల వాటిని. కానీ తూకానికి ఒక షరతు ఉంది నాయనా. వంద పాత రూపాయలు 485 గ్రాములు తూగితే, 2011 వరుసవి 379, 2019 వరుసవి 309. వరుసలు కలిస్తే తూకం అబద్ధం చెబుతుంది. కూరల త్రాసు మీద వేసి ఇంత ఉంది అని వాదించకు.

సంచులు కట్టాక వెంటనే బ్యాంకుకు పరిగెత్తకు. నీ వీధిలోనే చిల్లర కోసం మొహం వాచిపోయినవాళ్లు ఉన్నారు. కిరాణా కొట్టువాడు రెండు రూపాయలు లేక చాక్లెట్టు చేతిలో పెడుతున్నాడు. మందుల షాపు, పాల కేంద్రం, పొద్దున్నే బండి దించే కూరగాయలవాళ్లు, అందరికీ కావాలి. ఐదులూ పదులూ అక్కడే చెల్లిపోతాయి. రూపాయి బిళ్లలకు పెళ్లిళ్ల నెలల్లో గిరాకీ చూడు. నూట పదహార్ల చదివింపుల కవర్లకు రూపాయి అంటించి అమ్మేవాళ్లు మెరిసే బిళ్లల కోసం వెతుక్కుంటారు. ఒక్కటే జాగ్రత్త. నూటికి ఐదు తగ్గించుకుని నోట్లు ఇస్తాననేవాడు తప్పకుండా తగులుతాడు. మర్యాదగా మాట్లాడతాడు కూడా. ఇవ్వకు. నీ రూపాయి తొంభై అయిదు పైసలకు ఎందుకు పోవాలి?

మిగిలినవి బ్యాంకుకు. ఎప్పుడు వెళ్లాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకటో తేదీ నుంచి వారం వరకు వద్దు, పింఛన్ల వరుస ఉంటుంది. సోమవారం వద్దు. సెలవు మర్నాడు అసలే వద్దు. నెల మధ్యలో, భోజనాల వేళ దాటాక వెళ్లు. డబ్బాలు రెండూ ఒకేసారి మోయకు. వారానికి ఐదారు సంచులు తీసుకెళ్తే ఏ క్యాషియరూ మొహం చిట్లించడు. నోట్లు ఇమ్మని అడగకు, నీ ఖాతాలో జమ చెయ్యమను. స్లిప్పు మీద ఏ విలువవి ఎన్ని ఉన్నాయో విడివిడిగా రాసి ఇవ్వు. వాళ్లు ఒక సంచి విప్పి లెక్క చూస్తారు. సరిపోతే మిగతావాటి మీద నమ్మకం కుదురుతుంది. ఒక్కటి తగ్గిందో, ఇక అన్నీ విప్పుతారు.

తిప్పి పంపారని నీకు కోపం వచ్చింది, న్యాయమే. నేనూ ఒకసారి ఆ పని చేశాను. ఒకటో తేదీన, వరుస గుమ్మం దాటి ఉన్నప్పుడు, పూలమ్మే ముసలావిడ గుడ్డ మూట విప్పబోతే "రేపు రామ్మా" అన్నాను. ఆవిడ రేపు రాలేదు, పదిహేను రోజులకు వచ్చింది. పదేసి రూపాయలకు ఒక అరటినార కట్టు, అలా నలభై మూడు కట్లు. ఒక్కటీ తప్పలేదు. నేను నీకు దొంతుల పాఠం చెబుతున్నానే, అది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

నీ హక్కు మాత్రం తెలిసి ఉండు. బయటి లావాదేవీల్లో రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల వరకే చట్టప్రకారం చెల్లుబాటు. 2011 నాటి నాణేల చట్టంలో ఉంది అది. బ్యాంకులో ఖాతాదారు జమ చేసేదానికి అలాంటి పరిమితి లేదు. అర్ధరూపాయి కూడా ఇంకా చెల్లుతుంది, ఎవరేమన్నా సరే. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో వెళ్లిపోయాయి, దొరికితే పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వు. పది రూపాయల బిళ్ల మీద రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా చెల్లుతుంది. పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. అయినా మన ఊళ్లలో పది రూపాయల బిళ్ల చెల్లదనే పుకారు చావదు. సంచులు కట్టి వేళకు వెళ్లినా కాదంటే మేనేజరుకు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారికి, అంబుడ్స్‌మన్ అంటారు, ఆన్‌లైనులో ఫిర్యాదు చెయ్యవచ్చు. నాకు తెలిసి, సంతకం అడిగేసరికే సంచులు లోపలికి వెళ్లిపోతాయి.

ఏరేటప్పుడు అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లో, పాత నాణెమో కనబడితే ఫోనులో లక్షలు ఇస్తామనే ప్రకటనల జోలికి పోకు. ముందు ఫీజు కట్టమంటారు, అంతటితో మాయమవుతారు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కూడా ఇలా మోసం చేస్తున్నారని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో ముద్రించినది. ధర ఏమీ పెరగదు, నాకు మాత్రం చూస్తే ఇష్టం.

మొదటి డబ్బా ఏరేటప్పుడు నక్షత్రం ఉన్న కొత్త రూపాయిలు ఒక యాభై పక్కన పెట్టి, సబ్బుతో కడిగి ఆరబెట్టు. సంక్రాంతికి వస్తున్నాను. మీ పాపకు భోగిపళ్లు పొయ్యాలి, రేగుపళ్లలో కలపడానికి కావాలి.

మీ పెద్దమ్మ